ఇత్తడి ఫ్రేమ్ నేవీ రివాల్వర్ మొరాయిస్తోందా? ఏ భాగం, ఎందుకు, ఏం చేయాలి

అమెరికాలో మామగారో, పక్కింటి పెద్దాయనో పోయాక గరాజ్ సర్దుతుంటే నూనెగుడ్డలో చుట్టిన రివాల్వర్ బయటపడటం వింతేమీ కాదు. పొడుగాటి ఎనిమిది పలకల బ్యారెల్, ఇత్తడి ఫ్రేమ్, కట్టె పిడి. చూడగానే అంతర్యుద్ధం నాటిదనిపిస్తుంది. చాలావరకు అది ఇటలీలో, బ్రెషా దగ్గరి గార్దోనె వాల్ ట్రోంపియాలో గత అరవై ఏళ్లలో తయారైన కోల్ట్ 1851 నేవీ నకలు. కోల్ట్ కంపెనీ నేవీని .36 క్యాలిబర్‌లో (బ్యారెల్ రంధ్రం వ్యాసం, అంగుళాల్లో), ఇనుప ఫ్రేమ్‌తో చేసింది. ఇత్తడి ఫ్రేమ్ అంతర్యుద్ధంలో తిరగబడ్డ అమెరికా దక్షిణ రాష్ట్రాల వాళ్ల పని. ఇనుము కరువై, జార్జియాలోని గ్రిస్‌వోల్డ్ అండ్ గన్నిసన్ లాంటి కార్ఖానాలు ఇత్తడి పోతపోశాయి. ఇక ఇత్తడి ఫ్రేమ్‌తో .44 నేవీ అనేది ఆ కాలంలో అసలు లేదు. అది ఇటాలియన్ల కల్పన, చవకగా అమ్ముడుపోయేందుకు. మీ చేతిలో ఉన్నది బహుశా అదే.

చవక వస్తువే అయినా బాగుచేసుకోదగ్గది. లోపల కదిలే భాగాలు పట్టుమని పది ఉండవు. వచ్చే జబ్బుల్లో ఎక్కువ శాతం మూడు స్ప్రింగులు, గట్టిపడిన పాత గ్రీజు, ఒక చీల, వీటి దగ్గరే తేలిపోతాయి. అసలు జబ్బుకంటే ఎక్కువ నష్టం చేసేది, రోగం తెలియకముందే ఆకురాయి పట్టుకున్న చెయ్యి.

విప్పే ముందు

ముందు లోడై ఉందో లేదో చూడాలి. పాత బ్లాక్ పౌడర్ పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా పేలుతుంది. మూతి ముందుకి మొహం పెట్టి చూడకండి. పక్కనుంచి, సిలిండర్ వెనక నిపిళ్ల (మందుకి నిప్పు పంపే చిన్న బోలు గొట్టాలు) మీద రాగి రంగు క్యాపులు (హ్యామర్ దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న మూతలు) ఉన్నాయేమో చూడండి. ఉంటే మూతిని ఎవరూ లేని వైపు తిప్పి, హ్యామర్‌ని హాఫ్ కాక్‌కి (సగం దూరంలో ఆగే గాడి) లాగి, సిలిండర్‌ని చేత్తో తిప్పుకుంటూ ఒక్కో క్యాప్‌ని సన్నటి కొయ్యపుల్లతో ఊడదీయాలి. ఇనుప వస్తువుతో కెలకొద్దు. హాఫ్ కాక్ నిలబడకపోతే అక్కడే ఆగి గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాడు) దగ్గరికి పట్టుకెళ్లండి.

క్యాపులు పోయాక సిలిండర్ విడదీసి ఒక్కో ఛాంబర్‌లోకి (మందు, గుండు కూరే రంధ్రం) టార్చి వేసి చూడండి. సీసపు గుండు కనిపిస్తే సిలిండర్‌ని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, నిపిళ్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి మళ్లీ నీళ్లు నింపి, మందు ముద్దయ్యాక వెనకనుంచి ఇత్తడి కడ్డీతో గుండుని ముందుకు తోసేయొచ్చు. డ్రిల్లు వద్దు, వేడి వద్దు.

చట్టం సంగతి కూడా ఇప్పుడే. మందు, గుండు, క్యాప్ విడివిడిగా పెట్టి కాల్చే ఇలాంటి నకలు 1968 నాటి అమెరికా సమాఖ్య చట్టం లెక్కలో ఫైర్‌ఆర్మ్ కాదు. రాష్ట్రాలు అలా అనుకోవు. మనవాళ్లు బోలెడంతమంది ఉన్న న్యూజెర్సీలో దీన్ని మామూలు చేతి తుపాకీలాగే చూస్తారు. తూటాలు పట్టే కన్వర్షన్ సిలిండర్ కొని బిగిస్తే సమాఖ్య చట్టం దృష్టిలో కూడా అది మామూలు తుపాకీ అయిపోతుంది. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి అది పెద్ద చిక్కు. వేటకిచ్చే లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే వాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదు. జ్ఞాపకంగా ఉంటుందని సూట్‌కేసులో పెట్టి హైదరాబాదు తీసుకెళ్లాలనే ఆలోచన అసలు వద్దు. 1959 ఆయుధాల చట్టం కింద మందు కూరి కాల్చే తుపాకీకి కూడా అక్కడ లైసెన్సు కావాలి. నకలే కదా అంటే కస్టమ్స్‌లో చెల్లదు.

ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు

విడిభాగాలు తెప్పించాలంటే తయారీదారు తెలియాలి. బ్యారెల్ అడుగున, లోడింగ్ లివర్ (గుండుని ఛాంబర్‌లోకి కూరే కడ్డీ) దాచే చోట, ఫ్రేమ్ పక్కన ముద్రలు వెతకండి. డైమండ్ గుర్తులో ఎఫ్ఏపీ అని ఉంటే పియెట్టా. ఎనిమిది పలకల గడిలో యూ అక్షరం ఉంటే ఉబెర్టీ. ఏఎస్ఎమ్ అంటే ఆర్మి సాన్ మార్కో. ఆ కంపెనీ మూతపడింది కాబట్టి దాని భాగాలు నేరుగా దొరకవు, పియెట్టా భాగం తెచ్చి సరిచేసుకోవాలి. ప్రూఫ్ ముద్రల (తుపాకీని పరీక్షించారని కొట్టే గుర్తులు) పక్కన చిన్న చదరంలో ఉన్నది తయారైన ఏడు. 1975 నుంచి రెండు అక్షరాల జంటలు వాడారు. ఏఏ అంటే 1975, ఏఎఫ్ 1980, ఏఎమ్ 1984, ఏజడ్ 1990. అంతకుముందు రోమన్ అంకెలు, రెండు ఎక్స్‌లు ఉంటే 1964. పీఎన్ అనే ముద్ర బ్లాక్ పౌడర్‌కి మాత్రమే పరీక్షించారని చెప్పేది. ఆధునిక పొగరాని మందు చిటికెడు కూడా ఇందులో పోయకూడదు, సిలిండర్ పగులుతుంది.

విప్పడం

ఇటాలియన్ స్క్రూల గాళ్లు సన్నంగా, లోహం మెత్తగా ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ కొన చీలలా సన్నబడి ఉంటుంది కాబట్టి గాడి పైఅంచుని మాత్రమే పట్టుకుని కొరికేస్తుంది. గన్‌స్మిత్ బిట్లు కొనండి. లేదంటే చవక స్క్రూడ్రైవర్ కొనని రెండు వైపులా సమాంతరంగా అరగదీసి, గాడిలో ఊగకుండా నిండుగా కూర్చునేలా చేసుకోండి. కదలని స్క్రూకి పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి. బిట్ గాడిలో పెట్టి చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి, అప్పుడు తిప్పండి. నిపిళ్లకి నిపిల్ రెంచ్ తప్పనిసరి. పటకారు పెట్టారా, కొత్తవి కొనాల్సిందే.

అట్టముక్క మీద రివాల్వర్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటూ పోండి. ట్రిగ్గర్ గార్డు స్క్రూలు మూడూ ఒకేలా కనిపించినా పొడవులో తేడా ఉండొచ్చు. తారుమారైతే కొన లోపలికి పొడుచుకొచ్చి, కొత్త రోగం పుట్టినట్టు అనిపిస్తుంది.

వరుస ఇది. హ్యామర్ హాఫ్ కాక్‌లో ఉంచి, బ్యారెల్‌కి అడ్డంగా ఉన్న వెడ్జ్‌ని, అంటే ఆ చదునైన ఉక్కు చీలని, కుడినుంచి ఎడమకి తట్టాలి. కుడివైపు కొనకి ఉన్న స్ప్రింగ్ పెదవిని నొక్కిపెట్టి, ఇత్తడి పంచ్‌తో మెల్లగా. ఎడమవైపు చిన్న స్క్రూ దాన్ని పూర్తిగా పడిపోకుండా ఆపుతుంది, దాన్ని విప్పక్కర్లేదు. లోడింగ్ లివర్ దించి, దాని కడ్డీ రెండు ఛాంబర్ల మధ్య గోడకి తగిలేలా సిలిండర్‌ని తిప్పి నొక్కితే బ్యారెల్ ముందుకి జరిగి ఊడుతుంది. సిలిండర్ వచ్చేస్తుంది. తర్వాత బ్యాక్‌స్ట్రాప్‌కి (పిడి వెనక లోహపు పట్టీ) హ్యామర్ వెనక రెండు, పిడి అడుగున ఒకటి, మొత్తం మూడు స్క్రూలు. పిడితో సహా అది వచ్చాక మెయిన్ స్ప్రింగ్ (హ్యామర్‌ని ముందుకి కొట్టించేది) స్క్రూని వదులు చేసి స్ప్రింగ్‌ని పక్కకి తిప్పి తీయాలి. ఆ తర్వాత ట్రిగ్గర్ గార్డు. లోపల ఒకే స్క్రూ మీద కూర్చున్న రెండు కాళ్ల చదును స్ప్రింగ్ కనిపిస్తుంది. దాన్ని తీసి, ట్రిగ్గర్, బోల్ట్ (సిలిండర్‌ని కదలకుండా పట్టే ముక్క), చివరికి హ్యామర్ స్క్రూ విప్పితే హ్యామర్ కిందికి దిగుతుంది. దాని పక్కనే వేలాడుతూ వచ్చే సన్నటి ముక్కే హ్యాండ్, సిలిండర్‌ని తిప్పేది అదే.

విప్పాక ముందు శుభ్రం చేసి మళ్లీ బిగించి చూడండి, భాగాల సంగతి ఆ తర్వాత. ఎండి లక్కలా గట్టిపడిన గ్రీజుని మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పల్చన చేసే ద్రావకం), మందు మసిని వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడగాలి. మందు మసి గాలిలో తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది, దాన్ని కరిగించేది నీళ్లే. కట్టె పిడి తీసేసి, లోహ భాగాల్ని వంద డిగ్రీల సెల్సియస్‌లోపు ఓవెన్‌లో ఆరబెట్టి, పల్చగా నూనె పట్టించండి. సిలిండర్ తిరిగే ఇరుసు మీద ఇంజిన్ ఆయిల్ రాయొద్దు, మందు మసితో కలిసి తారులా అవుతుంది. తేనెమైనం, ఆలివ్ నూనె కరిగించి కలిపిన ముద్ద చాలు. బోల్ట్ నెమ్మదిగా లేస్తోంది, ట్రిగ్గర్ వెనక్కి రావడం లేదు అనుకున్నవాటిలో బోలెడన్ని ఇక్కడికే సరిపోతాయి.

లక్షణం చూసి రోగం పట్టడం

యంత్రం పని తెలిస్తే చాలు. హ్యామర్ లాగడం మొదలవగానే బోల్ట్ కిందికి దిగి సిలిండర్ గాడిని వదులుతుంది. హ్యాండ్ పైకి తోస్తూ సిలిండర్ వెనకున్న రాచెట్ (పళ్ల వలయం) పంటిని పట్టి తిప్పుతుంది. హాఫ్ కాక్‌లో బోల్ట్ ఇంకా కిందే ఉంటుంది కాబట్టి సిలిండర్ చేత్తో స్వేచ్ఛగా తిరుగుతుంది. హాఫ్ కాక్ దాటాక బోల్ట్ కాలు హ్యామర్ పక్కనున్న బొడిపె మీంచి జారిపోతుంది, బోల్ట్ తల లేచి సిలిండర్‌కి ఆని, తర్వాతి గాడి ఎదురుగా రాగానే టక్కుమని పడుతుంది. సరిగ్గా ఆ క్షణానికే ట్రిగ్గర్ మొన ఫుల్ కాక్ (హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆగే) గాడిలో కూర్చోవాలి. ఈ రెండూ ఒకేసారి జరగడమే టైమింగ్.

హ్యామర్ లాగితే సిలిండర్ తిరగడం లేదా? మూతి కిందికి వంచి ఒకసారి, ఆకాశం వైపు ఎత్తి ఒకసారి లాగి చూడండి. కిందికి వంచితే తిరిగి, ఎత్తితే తిరగకపోతే హ్యాండ్ స్ప్రింగ్ విరిగిందని తేల్చేయొచ్చు. వంచినప్పుడు హ్యాండ్ తన బరువుకే ముందుకి వాలి పంటిని అందుకుంటుంది, ఎత్తితే వెనక్కి వాలిపోతుంది. ఈ నకళ్లలో అన్నింటికంటే ఎక్కువగా విరిగేది ఇదే. హ్యాండ్ వెనక చిన్న చీలికలో గుచ్చి, సుత్తితో అంచులు కొట్టి బిగించిన పల్చటి రేకు అది. కూర్చున్న మొదట్లోనే, ఆ వంపు దగ్గర పుటుక్కుమంటుంది. రేకు విడిగా దొరుకుతుంది కానీ స్ప్రింగ్‌తో కలిపి హ్యాండ్ మొత్తం కొనడమే నయం. చీలికలో ఇరుక్కున్న పాత ముక్క తీసేసరికి తాతలు దిగొస్తారు. చెంపపిన్నుని విరిచి, వంచి, ఆ చీలికలో గుచ్చి నడిపించే పాత చిట్కా ఒకటుంది. కొత్తది వచ్చేదాకా యంత్రం పరీక్షించుకోవడానికి అది బాగానే పనికొస్తుంది, మందు పోసి కాల్చడానికి కాదు.

ఫుల్ కాక్‌లో సిలిండర్ అటూ ఇటూ తిరిగిపోతుంటే బోల్ట్‌ని చూడండి. సిలిండర్ తీసేసి, ఫ్రేమ్ కిటికీలోంచి కనిపించే బోల్ట్ తలని కొయ్యపుల్లతో నొక్కి వదలండి. చురుగ్గా ఎగిరి రావాలి. నీరసంగా లేస్తే మురికి, లేదా బోల్ట్ స్క్రూ మరీ బిగుసుకుంది. అసలు లేవకపోతే రెండు కాళ్ల స్ప్రింగ్‌లో బోల్ట్ వైపు కాలు విరిగింది. అదే స్ప్రింగ్ రెండో కాలు విరిగితే ట్రిగ్గర్ వదులుగా ఊగుతుంది. ఒక కాలు పోయినా మొత్తం మార్చాలి. చదును రేకు బదులు తీగతో చేసిన స్ప్రింగ్ దొరికితే అది తీసుకోండి. అంత తొందరగా విరగదు, పైగా ట్రిగ్గర్ కాస్త తేలికవుతుంది.

స్ప్రింగ్ బాగానే ఉండి బోల్ట్ పనిచేయకపోతే, బోల్ట్ వెనక రెండుగా చీలిన సన్నటి కాలు విరిగిందేమో చూడండి. కొత్త బోల్టులు తల కొంచెం వెడల్పుగా వస్తాయి, సిలిండర్ గాడిలో పట్టవు. పక్కలు మాత్రమే సన్నటి ఆకురాయితో, రెండేసి రుద్దులకొకసారి గాడిలో పెట్టి చూస్తూ తగ్గించాలి. గాళ్లని వెడల్పు చేయకండి. బోల్ట్ పాడైతే మరొకటి చవకగా దొరుకుతుంది, సిలిండర్ దొరకదు.

సిలిండర్ చుట్టూ ఉంగరంలా గీత పడి ఉందని చాలామంది కంగారుపడతారు. బోల్ట్ కాలు బొడిపె మీంచి కాస్త ముందే జారిపోయి, తల సిలిండర్ మీద రాసుకుంటూ పోతోందని అర్థం. చూడటానికి బాగోదు, అంతే. గాడి అంచులు నలిగి ఎగుడుదిగుడుగా లేకపోతే దీన్ని వదిలేయమనే చెబుతాం. ఈ ధరలో దొరికే రివాల్వర్‌లో గీత లేనిది అరుదు.

పట్టించుకోవాల్సింది దీన్ని: సిలిండర్ మీద బొటనవేలితో కొద్దిగా ఒరిపిడి పెట్టి, హ్యామర్‌ని చాలా నెమ్మదిగా లాగండి. హ్యామర్ ఫుల్ కాక్‌లో కూర్చుంది, బోల్ట్ మాత్రం గాడిలో పడలేదు అంటే హ్యాండ్ పొట్టి. అరిగింది. అలాంటప్పుడు ఛాంబర్ బ్యారెల్‌కి సరిగ్గా ఎదురుగా ఉండదు, గుండు అంచుకి తగిలి సీసం పక్కకి చిమ్ముతుంది. హ్యాండ్‌ని సుత్తితో కొట్టి సాగదీయడం పాత పద్ధతి. సాగినంత మేర పల్చబడి మళ్లీ అరుగుతుంది కాబట్టి కొత్తది వేయడమే మేలు. తిరగబడ్డ కేసూ ఉంది. బోల్ట్ ముందే పడిపోయి, హ్యామర్ ఇంకా వెనక్కి రాకుండా బిర్రుగా ఆగిపోతే హ్యాండ్ పొడుగు. కొత్త హ్యాండ్ వేసినప్పుడు వచ్చేది ఇదే. హ్యాండ్ పై కొన మీద, ఉన్న వాలు మారకుండా, ఆకురాయితో రెండు మూడు రుద్దులు. బిగించి, ఆరు ఛాంబర్లూ చూడాలి. పళ్లన్నీ ఒకే కొలతలో కోసి ఉండవు. అయిదు బాగా పడి ఒకటి బిర్రుగా ఉంటే ఆ ఒక్కదానికి సరిపడా తీయాలి, అంతకు మించి తీస్తే మిగతా అయిదింటికి పొట్టి అవుతుంది. హ్యాండ్ సరిచేయడానికి సాయంత్రం మొత్తం పట్టినా తొందరపడొద్దు.

నెమ్మదిగా లాగితే సరిగ్గా పడి, విసురుగా లాగితే గాడి దాటిపోతోందా? బోల్ట్ స్ప్రింగ్ నీరసించింది, లేదా గాడి అంచులు నలిగాయి. సినిమాల్లోలా అరచేత్తో హ్యామర్‌ని టపటపా కొట్టిన తుపాకీల్లో ఇది తప్పకుండా ఉంటుంది.

హాఫ్ కాక్, ఫుల్ కాక్ నిలవకపోవడం ప్రమాదకరమైన జబ్బు. పరీక్ష సులువే. సిలిండర్ తీసేసి, ఫుల్ కాక్ పెట్టి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా హ్యామర్ వెనకనుంచి బొటనవేలితో గట్టిగా ముందుకు నెట్టండి. జారిందా, ఆ రివాల్వర్‌లో మందు పోయకూడదు. ట్రిగ్గర్ మొన విరిగి ఉంటుంది, లేదా హ్యామర్ గాడి అంచు గుండ్రబడి ఉంటుంది. భూతద్దంలో మొన ఒక పక్క మెరుస్తూ, ఇసుకలా గరుకుగా కనిపిస్తే అది విరిగిన చోటు. దీన్ని అరగదీసి పదును పెట్టే ప్రయత్నం చేయకండి. ఈ భాగాలకి గట్టిదనం పై పొరలోనే ఉంటుంది, లోపల మెత్తటి ఉక్కు. ఆ పొర దాటితే ఈరోజు గాజులా తెగే ట్రిగ్గర్ నెల తిరక్కముందే జారుతుంది. ట్రిగ్గర్ మార్చండి. హ్యామర్ గాడి పాడైతే హ్యామర్ కూడా.

చీల, ఇరుసు, ఆ మధ్య సందు

కోల్ట్ నమూనాకి పైన పట్టీ లేదు. బ్యారెల్ మొత్తం ఇరుసు, వెడ్జ్ మీద నిలబడుతుంది. ఇరుసు కొన బ్యారెల్‌లోని రంధ్రం అడుగుకి ఆనాలి. ఆనకపోతే వెడ్జ్‌ని ఎంత లోపలికి కొడితే బ్యారెల్ అంత వెనక్కి వచ్చి సిలిండర్‌ని నొక్కేస్తుంది. నిన్న తిరిగింది, ఈరోజు పట్టేసింది అనే ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఇదే. ఉబెర్టీల్లో ఇరుసు పొట్టిగా ఉండటం ఎప్పటినుంచో ఉన్న లోపం. పియెట్టాలు ఈమధ్యవైతే సాధారణంగా ఆనుతాయి, పాతవి చూసి చెప్పాలి.

పరీక్షకి సిలిండర్ తీసేయండి. బ్యారెల్‌ని ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు కొంచెం పక్కకి తిప్పి ఉంచండి, దాని కింది భాగం ఫ్రేమ్‌కి ఎదురుగా కాకుండా పక్కగా వచ్చేలా. అలాగే లోపలికంటా తోయండి. ఇరుసు సరైన పొడవైతే బ్యారెల్ కింది భాగం వెనక అంచు ఫ్రేమ్ ముందు అంచుతో సమానంగా ఆగుతుంది. దాటి వెనక్కి వస్తే, ఎంత దాటిందో అంత ఇరుసు పొట్టి. ఆ మందం ఉన్న ఉక్కు వాషర్ ముక్కల్ని రంధ్రం సైజుకి గుండ్రంగా అరగదీసి, చిక్కటి గ్రీజుతో అడుగున అంటించి మళ్లీ చూడండి. అంచులు కలిసేదాకా చేర్చండి. కొలత కుదిరాక, శాశ్వతంగా కావాలంటే ఇరుసు కొనలో రంధ్రం వేసి మర చుట్లు కోసి సెట్ స్క్రూ బిగించి, థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేస్తారు. ఆ తర్వాత వెడ్జ్‌ని ఎంత గట్టిగా తట్టినా సందు మారదు.

సందు అంటే సిలిండర్ ముందు మొహానికీ బ్యారెల్ వెనక్కీ మధ్య ఖాళీ. సిలిండర్‌ని వెనక్కి నొక్కిపట్టి ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉన్న పల్చటి రేకుల సెట్టు) కొలవండి. 0.08 నుంచి 0.15 మి.మీ. బాగా ఉన్నట్టు. 0.25 వరకు కూడా కాలుతుంది. 0.05 కన్నా తక్కువైతే రెండు రౌండ్లకే మసి పేరుకుని సిలిండర్ ఆగిపోతుంది.

క్యాపులు, నిపిళ్లు

రెండోసారి కొడితే గానీ క్యాప్ పేలకపోవడానికి మెయిన్ స్ప్రింగ్‌ని తిట్టే ముందు నిపిల్ కొన చూడండి. ఖాళీగా టకటకలాడించిన రివాల్వర్లలో హ్యామర్ తగిలి నిపిల్ కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. క్యాప్ చివరిదాకా దిగదు. మొదటి దెబ్బ క్యాప్‌ని కిందికి దింపడానికే సరిపోతుంది, రెండోది పేలుస్తుంది. నిపిల్‌ని డ్రిల్ యంత్రంలో బిగించి తిప్పుతూ సన్నటి ఎమరీ కాగితం పట్టి, క్యాప్ వేలితో నొక్కితే పూర్తిగా దిగేదాకా కొనని తగ్గించండి. మార్చాలంటే పియెట్టా, ఉబెర్టీలకి 6×0.75 మి.మీ. మర. పది, పదకొండు నంబర్ క్యాపులు రెండూ తెచ్చి ఏది బిగుతుగా కూర్చుంటే అది వాడండి.

పేలిన క్యాప్ ముక్క హ్యామర్ కిందికి జారి లోపల ఇరుక్కోవడం ఈ నమూనాకి పుట్టుకతో వచ్చిన జబ్బు. యంత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయి, అంతకుముందు ఏ లక్షణమూ లేకపోతే, విప్పి చూస్తే చాలాసార్లు ఒక రాగి రేకు ముక్కే కనిపిస్తుంది. హ్యామర్ లాగేటప్పుడు మూతి పైకెత్తితే ముక్కలు వెనక్కి బయటికి రాలతాయి.

కాల్చినప్పుడు లోడింగ్ లివర్ జారి వేలాడితే, దాని కడ్డీ ఛాంబర్‌లోకి దూరి సిలిండర్ ఆగిపోతుంది. బ్యారెల్ కింద దాన్ని పట్టే చిన్న గొళ్లెం అంచు అరిగి ఉంటుంది. ఆ అంచుని సూదిలాంటి ఆకురాయితో కాస్త లోతుగా, పదునుగా చేస్తే చాలు.

ఇత్తడి ఎక్కడ లొంగిపోతుంది

ఇంతవరకు చెప్పినవన్నీ మార్చగల భాగాలు. ఫ్రేమ్ అలా కాదు. సిలిండర్ తీసి, ఫ్రేమ్ వెనక గోడ మీద ఇరుసు చుట్టూ చూడండి. పేలిన ప్రతిసారీ సిలిండర్ వెనక్కి గుద్దుకుంటుంది, రాచెట్ వలయం ఇత్తడిలో ముద్ర వేస్తుంది. పల్చటి మెరుపు గీత అయితే సరే. గోరు పెడితే గుంట తగిలితే, గతంలో ఎవరో మందు ఎక్కువ పోశారు. ఇప్పుడు ఇరుసుని పట్టుకుని ఊపండి. అది ఫ్రేమ్‌లోకి మరతో దిగి, చిన్న పిన్నుతో ఆగి ఉంటుంది. కొద్దిగా కదిలినా కాల్చడం ఆపేయాలి. మళ్లీ బిగించి పిన్ను వేయడం మెషినిస్టు పని. చేయించే ఖర్చు చూస్తే కొత్త ఉక్కు ఫ్రేమ్ రివాల్వర్ కొనుక్కోవడమే నయం. పెద్దాయన గుర్తుగా దాన్ని గోడకి తగిలించండి. నిపిళ్లు విప్పేసి, పిల్లలకి అందనంత ఎత్తులో.

ఫ్రేమ్ బాగుంటే తేలిక మోతాదే రక్ష. .44కి 15 నుంచి 20 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) బ్లాక్ పౌడర్, .36కి 12 నుంచి 15. ఛాంబర్లో ఇంకా చోటుందని నింపేయకండి. మిగిలిన ఖాళీని మొక్కజొన్న రవ్వతో నింపి గుండు కూరండి. మందుకీ గుండుకీ మధ్య గాలి ఖాళీ ఉండకూడదు.

పరీక్షించి కాల్చడం

అంతా బిగించాక హ్యామర్ నిపిళ్ల మీద పడకుండా మధ్యలో తోలుముక్క పెట్టి, ఆరు ఛాంబర్లనీ మూడు రకాలుగా చూడండి: వేలి ఒరిపిడితో నెమ్మదిగా, మామూలుగా, విసురుగా. మూతి పైకీ కిందికీ ఎత్తి కూడా. ఫుల్ కాక్ నెట్టుడు పరీక్ష ఆఖరున మళ్లీ చేయండి, విప్పి బిగించినప్పుడు ట్రిగ్గర్ స్ప్రింగ్ పక్కకి జరిగి ఉండొచ్చు.

రేంజ్‌లో, కళ్లద్దాలు పెట్టుకుని, ముందు మందు లేకుండా క్యాపులు మాత్రమే ఆరూ పేల్చండి. ఆరూ మొదటి దెబ్బకే పేలాలి. తర్వాత ఒక్క ఛాంబర్‌లో కనిష్ట మోతాదు. మూడు అడుగుల దూరంలో పక్కగా అట్ట నిలబెడితే సీసం చిమ్ముతోందో లేదో అట్ట మీద కనిపిస్తుంది. ఒకే ఛాంబర్ చిమ్మితే ఆ పన్ను, గాడి చూడాలి. అన్నీ చిమ్మితే హ్యాండ్. చుక్కలేం లేకపోతే ఆరూ నింపుకోవచ్చు. పూర్తిగా ఆరు పేలాక అక్కడే బ్యారెల్ ఊడదీసి ఇరుసుని మరోసారి ఊపి చూడండి, వెడ్జ్ ఎంత లోపలికి దిగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాతి ఆరు కాల్చాక ఆ గుర్తు లోపలికి జరిగితే రంధ్రం అడుగున పెట్టిన వాషర్లు నలుగుతున్నాయన్నమాట. వాటికి బదులు సెట్ స్క్రూ వేయించుకునే దాకా కాల్చకండి.